మూడో నంబరు

షువైఖ్‌లో తెల్లారుజామున ఐదున్నరకే రేకులు కాగుతాయి.
బూ దువైహి బండి రెండోసారి వచ్చింది షెడ్డుకి.
యుద్ధం అయినాక కొన్న ల్యాండ్ క్రూజర్,
వెనకాల గడ్డిమోపులు,
డాష్‌బోర్డు మీద ఎండి రాయైన ఖర్జూరం.
"నీళ్లు తాగుతా ఉంది" అన్నాడు ముసలాయన
ఒంటె సంగతి చెప్పినట్టే.

కింద దూరి చూసినా. తడి లేదు.
గొట్టాలు పొడి, పంపు పొడి, నేల పొడి.
బయట కారని నీళ్లు లోపలికే పోతాయి,
ఇరవై రెండేండ్లుగా తెలిసిన మాటే.
ఆయిల్ మూత తిప్పితే అడుగున మీగడ,
డికాషన్ చాలని కాఫీ రంగు.
స్టార్ట్ చేస్తే పొగ తెల్లగా, తియ్యగా,
పాకం అడుగంటిన వాసన.
రేడియేటర్‌లో బుడగలు,
లోపల ఎవరో మునిగి ఊపిరి వదల్తా ఉన్నట్టు.

ఓబులేసు నా మొగం చూసినాడు.
వానికి గుర్తుంది.
రంజాన్‌కి ముందు ఈ బండికి గాస్కెట్ మార్చింది మేమే.
"రంగు పోసి చూద్దామా అన్నా" అన్నది వాడు.
స్కేలు ఆనించి, "వంకర లేదు, చాలు లేరా" అన్నది నేను.
నూటిరవై దినార్లు జేబులో పెట్టుకున్నదీ నేనే.

హెడ్డు విప్పినాము.
బోల్టులు చివర్ల నుంచి నడుమకు, కొంచెం కొంచెంగా,
పుండు మీద కట్టు విప్పినట్టు.
ఇద్దరం పట్టి బల్ల మీదికెత్తేసరికి
నడుం కలుక్కుమనింది.
మసి గీకి, కడిగి, ఎర్ర మందు కొట్టి,
ఒక బీడీ సేపు ఆగి, తుడిచి, తెల్ల పొడి చల్లినాము.
కాసేపు ఏమీ లేదు.
తరవాత మూడో నంబరులో, రెండు వాల్వుల నడుమ,
వెంట్రుక మందాన
ఎరుపు తానే పైకొచ్చింది.

చల్లగా ఉంటే మూసుకుంటుంది ఆ గీత.
కాగితేనే నోరు తెరుస్తుంది.
నా స్కేలు చల్లని పూట అడిగింది దాన్ని.

"ఇప్పుడే పగిలింది బాబా" అనొచ్చు.
నమ్ముతాడు.
అబద్ధానికి నా దగ్గర అరబ్బీ బాగానే ఉంది,
నిజానికే మాటలు వెతుక్కోవల్ల.
దొరికింది ఒకే మాట, గల్తీ.
రాయచోటి ఉర్దూలోనూ అదే, ఇక్కడా ఇంచుమించు అదే.
వేలు నా రొమ్ము మీద పెట్టి చూపించినా.
ఆయన చాలాసేపు ఎర్ర గీతనే చూసినాడు.
ఫ్లాస్కు మూత తిప్పి గహ్వా పోసిచ్చి
"ఎన్ని రోజులు?"
"నాలుగు."
"ఒంటెలకు నీళ్లు మూడు రోజులకే ఉన్నాయి."

అంఘరా సికరాబ్‌లో ఇంజన్లు గుట్టలు.
రెండు హెడ్లకు ఎర్ర మందు కొట్టినా, రెండూ పగిలినవే.
అమ్మేవాడు నవ్వినాడు, "డాక్టరువా?"
మూడోది శుభ్రం. తొంభై దినార్లు.
జేబులో నుంచి తీస్తా ఉంటే
ఓబులేసు అటు తిరిగి నిలబడినాడు.
గుల్ జమాన్ లేత్ మీద దాని మొగం చెక్కించినా,
రాత్రి పదకొండు దాకా,
ఆయన పష్తోలో మిషన్‌ని తిడతానే ఉన్నాడు.

కొత్త గాస్కెట్. కొత్త బోల్టులు.
ఈసారి నడుమ నుంచి చివర్లకు,
మూడు విడతలు. నేను అంకె చెప్తే
ఓబులేసు టార్క్ రెంచ్ లాగినాడు, టిక్కుమనే దాకా.
ఒక్కో టిక్కుకీ వాడు నా వైపు చూస్తాడు.
చూడొద్దురా, పని చూడు.

సాల్మి రోడ్డు మీద నలభై ఏడు డిగ్రీల్లో
ఏసీ ఆపి తోలినాము, బాగా కాగనిచ్చి.
ముల్లు సగం దగ్గర నిలిచింది.
పొద్దున మూత తీస్తే నీళ్లు
నేను గీసిన గీతకే ఉన్నాయి.
బూ దువైహి కూలి ఎంతని అడగలేదు. నేను చెప్పలేదు.
వారం తరవాత ఒక డబ్బా ఒంటెపాలు వచ్చింది.
నాకు పడవు, ఓబులేసు తాగినాడు.

పాత హెడ్డు తూకానికి వెయ్యలేదు.
వాడు దాని మీద టీ గ్లాసు పెడతాడు.
ఒక గ్లాసు వేడికి ఆ గీత తెరుచుకోదు,
తెలుసు.
అయినా గ్లాసు తీసినప్పుడల్లా
ఒకసారి వంగి చూస్తా.